ఎక్కడికమ్మా?

మన దగ్గర బస్సెక్కిన ఆడమనిషి తను ఎక్కడికి వెళ్తోందో పైకి చెప్పి తీరాలి. విజయవాడ నుంచి బందరు వెళ్లే పల్లెవెలుగులో కండక్టరు అడుగుతాడు. కంకిపాడో ఉయ్యూరో పామర్రో చెప్తే టిక్కెట్టు కొడతాడు. దూరాన్ని బట్టి చార్జీ కాబట్టి అడగడం అతని పని. కానీ ఆ ప్రశ్న బస్సులో పుట్టింది కాదు. అంతకుముందే గుమ్మం దగ్గర నాన్నో, అన్నో, భర్తో అడిగి ఉంటారు.

ఆ ప్రశ్న లేని బస్సు ఎలా ఉంటుందో నాకు లండన్‌లో తెలిసింది. 1876లో మద్రాసులో అచ్చయిన ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ రచయిత్రి పోతం జానకమ్మ రాఘవయ్య మీద పని చేస్తూ, కొన్ని నెలలు బ్రిటిష్ లైబ్రరీకి వెళ్లాను. గది ఈస్ట్‌హామ్‌లో. అక్కణ్ణించి కింగ్స్‌క్రాస్‌కి నేరుగా రైలుంది. కానీ రైలుకి జోన్లని బట్టి చార్జీ. బస్సుకి ఎంత దూరమైనా ఒకటే. గంటలోపు బస్సు మారితే మళ్లీ డబ్బు తీసుకోరు, 2016 నుంచి ఉన్న ఏర్పాటు అది. ఫెలోషిప్ డబ్బుతో నెల గడవాలి కనక బస్సులే పట్టుకున్నాను. 2014 నుంచి అక్కడి బస్సుల్లో నోట్లూ చిల్లరా చెల్లవు. ముందు తలుపులోంచి ఎక్కి కార్డు ఆనిస్తే చిన్న చప్పుడు. అంతే. కండక్టరు ఉండడు. ఎక్కడికని అడిగే అవసరం డ్రైవరుకి లేదు.

మొదట్లో ఆ మౌనం స్వేచ్ఛలాగే తోచింది. దిగాల్సిన చోట దిగకుండా చివరి స్టాపు దాకా వెళ్లి చూసిన రోజులున్నాయి. తర్వాత దాని రెండో వైపు తెలిసింది. రాత్రిపూట తిరిగొస్తుంటే బస్సు పై అంతస్తు ఖాళీ అయ్యేది. మెట్లు దిగి డ్రైవరుకి కనపడేలా కూర్చునేదాన్ని. రికార్డు చేసిన గొంతు స్టాపు పేరు చెప్తుంది గానీ, నేను దిగానో లేదో దానికి పట్టదు. ‘ఉయ్యూరొచ్చింది, దిగమ్మా’ అని కేకేసే కండక్టరు గుర్తొచ్చేవాడు. అడగడంలో నిఘా ఉంది, పట్టింపూ ఉంది. మన అనుభవంలో రెండూ ఒకే గొంతుతో వస్తాయి.

అయినా వాటిని విడదీసి చూడాలని అమ్మను చూశాక అనిపించింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టిక్కెట్టు. తెలంగాణలో ఇలాంటిది 2023 డిసెంబరులోనే వచ్చింది. ఉయ్యూరు పక్క పల్లెలో ఉండే మా అమ్మ, బస్సు చార్జీ నాన్నని అడిగి తీసుకునేది. అడిగితే ఎందుకో చెప్పాలి. చెల్లుబాటయ్యే కారణాలు నాలుగే: పెళ్లి, చావు, కాన్పు, ఆస్పత్రి. ఇప్పుడు పామర్రులో పిన్ని దగ్గరికి కబుర్ల కోసం వెళ్లొస్తోంది. ఓసారి విజయవాడ వచ్చి కాసేపు కృష్ణ ఒడ్డున కూర్చుని వెళ్లింది. కండక్టరు ఇప్పటికీ ‘ఎక్కడికమ్మా’ అంటాడు. ‘ఎందుకు’ అని అడిగే అధికారం మాత్రం చార్జీ డబ్బులిచ్చే చేతిది. ఆ చెయ్యి ఇప్పుడు అక్కర్లేదు.

ఆడవాళ్లు పనీపాటా లేకుండా బస్సులు నింపేస్తున్నారని విసుక్కునేవాళ్లున్నారు. రద్దీ నిజమే, బస్సులు పెంచమని అడుగుదాం. కానీ టీకొట్టు దాకా వెళ్లే మగవాణ్ణి పనేమిటని ఎవరడిగారు? పని ఉంటేనే ఆడది గడప దాటాలన్న పాత నియమమే ఆ విసుగులో వినిపిస్తుంది.

‘పనేం లేదే, ఊరికే వెళ్లాను’ అని ఫోన్లో చెప్పేటప్పుడు అమ్మ ఇంకా గొంతు తగ్గిస్తుంది. నాన్న పక్కగదిలో ఉంటాడు.