జహీరాబాదులో రంజాను దినములు

హైదరాబాదునుండి ముంబయికి బోవు పెద్దబాటను బట్టి పడమరగా సుమారు 100 కిలోమీటర్లు సాగినచో జహీరాబాదు వచ్చును. పూర్వము మెదకు జిల్లాలో నుండిన యీ పట్టణము 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో జేరినది. చుట్టును ఎఱ్ఱనేల, చెఱకుతోటలు, జొన్నచేలు. కర్ణాటకపు సరిహద్దు చేరువ యగుటచే అంగళ్లలో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును వినవచ్చును.

ఈ యూర మేము రంజాను మాసమున రెండుదినములు నిలిచితిమి. ఉపవాసమాసమున వంటపని తగ్గునని మా తలంపు. తగ్గుట యటుండ, రెట్టింపైనది! తెల్లవాఱక ముందు సహరీ భోజనము, సాయంకాలము ఇఫ్తారు. మేము చూడబోయిన యింట గృహిణి మూడవజాము మొదలు పొయ్యియొద్దనే యుండెను. నోట చుక్క నీరు లేదు. ఉప్పు చాలినదో లేదో యెట్లు తెలియునని యడిగితిమి.

"చెయ్యికే ఎరుకుంటదమ్మా" అనెను.

అవసరమైనచో నాలుక కొసతో రుచి చూచి ఉమ్మివేయవచ్చునని ధర్మశాస్త్రజ్ఞులు సెలవిచ్చియున్నారు. ఆమె యదియు చేయలేదు. వంటయింట నొంటిగా నున్నప్పుడు గుక్కెడు నీరు త్రాగిన నెవరికి దెలియును? మా ప్రశ్న కామె నవ్వి, "ఎవరు జూడకున్నా ఆయన జూస్తడు గద" అనెను.

ఈ యెఱుకకే ఇస్లాములో 'తఖ్వా' యని పేరు. ఖురానులో ఉపవాసమును విధించిన చోటనే దాని ప్రయోజనము తఖ్వా యని చెప్పబడినది. తెలుగు అనువాదములలో దీనిని 'దైవభీతి' యనియు, 'భయభక్తులు' అనియు వ్రాసినారు. భీతి యను మాటతో మాకు తృప్తి కలుగలేదు. అరబ్బీలో ఆ పదమునకు మూలార్థము కాపాడుకొనుట. ఖలీఫా ఉమరు దీని యర్థ మడుగగా, ఉబై ఇబ్ను కఅబు అను సహచరుడు ముండ్లదారిని బోవువాడు బట్టలెత్తి పట్టుకొని చూచి చూచి యడుగు వేయుటతో బోల్చెనని చెప్పుదురు. తుమ్మముండ్ల గట్లపై కుచ్చె ళ్లెత్తి నడచిన మన స్త్రీలకు దీనిని వివరింప బనిలేదు. నిదురించు పసిబిడ్డ చెంత చప్పుడు కాకుండ గిన్నె దించు తల్లి బిడ్డకు భయపడునా? ఆ జాగ్రత్తలో భయమెంతో, ప్రేమయు నంతే.

మఱియొక సంగతి. మానవులను ఒక పురుషునినుండి, ఒక స్త్రీనుండి సృజించితిననియు, వారిలో తఖ్వా యధికముగా గలవారే దేవుని యెదుట గౌరవనీయులనియు ఖురాను చెప్పుచున్నది. కులమును, ధనమును, పురుషత్వమును ఇందు లెక్కకు రావు.

ఐనచో ఉపవాస ముండియు పొయ్యి నూదు భారము స్త్రీలదే యేల? ఇది మా యిండ్ల వ్రతములకును దగులు ప్రశ్నయే గనుక వెనుదీయక యడిగితిమి. ప్రవక్త యింట నుండునప్పుడు ఇంటివారి పనులలో దోడ్పడుచు, నమాజువేళ కాగానే పోవుచుండెడివారని వారి భార్య ఆయిషా చెప్పినట్లు హదీసులలో నున్నదని యామె మాకు దెలిపెను. అది వసారాలో గూర్చున్న మగవారికి గూడ వినబడునంత బిగ్గరగా దెలిపెను.