వేటపాలెంలో దిగితే

చెన్నై రైల్లో పోతూ వేటపాలెం మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఆ ఊరి గురించి నాకు తెలిసిందల్లా జీడిపప్పే. చీరాల దగ్గరపడుతుంటే పెట్టెలో ఎవరో ఒకరు పొట్లాలు పట్టుకుని ఎక్కుతారు, బేరాలు సాగుతాయి, ఒంగోలు వచ్చేసరికి పొట్లం ఖాళీ. ఈసారి చీరాలలో దిగిపోయాను. లాడ్జి గదిలో ఫ్యాను గాలికన్నా చప్పుడే ఎక్కువ. సంచీ అక్కడ పడేసి షేరాటో ఎక్కాను. చీరాల దాకా వెళ్లి ఓడరేవు సముద్రం చూడకుండా వచ్చావా అని ఇంటికొచ్చాక అందరూ తిట్టారు. నిజమే, చూడలేదు.

నేను వెళ్లింది వేటపాలెంలోని సారస్వత నికేతనం కోసం. వి.వి. శ్రేష్ఠి గారు 1918లో హిందూ యువజన సంఘం పేరుతో మొదలుపెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీగారు వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పుడు జనం తోపులాటలో విరిగిందని చెప్పే ఆయన చేతికర్రను ఇప్పటికీ దాచి ఉంచారు. వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారు. నేనూ చూశాను. కానీ నా కళ్లు బీరువాల మీదే ఉన్నాయి.

మగ్గాల మీద బతికే ఊళ్లో ఇంత పెద్ద పుస్తకాల ఇల్లు ఎలా నిలబడిందా అనిపించింది. ఆ కాలమే అలాంటిది. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగి పఠనాలయాలు పెట్టించారు. 1935 నాటికి పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ పక్క ఊళ్లకు పంపారు. ఇక పక్కనున్న చీరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మునిసిపాలిటీ పన్నులు మేం కట్టం అని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఊరికి ఊరే ఇళ్లు వదిలి రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి కాపురం చేసింది. అంత పట్టుదల ఉన్న నేల మీద ఒక లైబ్రరీ వందేళ్లు బతకడంలో వింతేముంది?

'భారతి' పాత సంపుటాలు అడిగాను. అక్కడి పెద్దాయన తెచ్చి బల్ల మీద పెట్టి, "అమ్మా, కొస పట్టుకుని తిప్పకండి, విరిగిపోతాయి. కింద అరచెయ్యి పెట్టి తిప్పండి," అన్నారు. నా వయసు వాళ్లకు కూడా ఇలా చెప్పాల్సి వస్తోందేమిటా అన్న విసుగు లేదు ఆయన గొంతులో. పసిపిల్లను చేతికిచ్చే బాలింతరాలి జాగ్రత్త ఉంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో పెట్టిన పత్రిక అది. పెద్ద పెద్ద పండితుల వ్యాసాలున్నాయి. వాటిని దాటేసి ప్రకటనలు చదువుతూ కూర్చున్నాను. నా అభిరుచి అంతే, ఎవరేమనుకున్నా. పద్యకావ్యాల మీద జరిగిన వాదాలను ఎలాగూ ఎవరో ఒకరు పుస్తకాలుగా వేస్తారు. అమృతాంజనం ప్రకటన ఎవరు వేస్తారు? పైగా పంతులుగారి పత్రికలు నడిచిందే ఆ తలనొప్పి మందు డబ్బుతో.

ఈ రుచి మా అమ్మమ్మ పెట్టింది. ఆవిడ వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి బైండు చేసేది. యద్దనపూడి, మాదిరెడ్డి అట్టపెట్టెలో పక్కపక్కనే ఉండేవారు. ఒక బైండులో నాలుగైదు వారాలు ఎగిరిపోయాయి, పక్కింటి పిన్నిగారు పత్రిక పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. నాయకుడు ఆసుపత్రిలో చేరతాడు, పేజీ తిప్పితే పెళ్లిలో ఉంటాడు. మధ్యలో ఏం జరిగి ఉంటుందో నేనూ మా చెల్లీ రకరకాలుగా కల్పించుకునేవాళ్లం. పేజీల వెనక సగం జోకులు, చివర లేని వంటలు. గుత్తివంకాయ కూరలో పోపు ఎప్పుడు వెయ్యాలో తెలియకుండానే నా బాల్యం గడిచిపోయింది.

మధ్యాహ్నం ఎదుటి బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నారు. పంచె, భుజాన తువ్వాలు, పక్కన మనవడు. ఖర నామ సంవత్సరం పంచాంగం కావాలట. బళ్లో మాస్టారు ఆయన పుట్టినరోజు జూలై ఒకటి అని రాసేశారు. ఆ కాలంలో సగం దేశం జూలై ఒకటినే పుట్టింది! వాళ్లమ్మ మాత్రం శ్రావణ బహుళ ఏకాదశి అని చెబుతుండేదట. పంచాంగం దొరికింది. 1951 ఆగస్టు నెలాఖరు. మనవడు ఫోనులో ఫొటో తీశాడు. "అయితే తాతా, ఇన్నాళ్లూ నీకు రెండు నెలల ముందే శుభాకాంక్షలు చెబుతున్నాం," అన్నాడు. "పెన్షనూ రెండు నెలల ముందే వచ్చిందిరా," అన్నారాయన. గదంతా నవ్వింది.

ఆ రాత్రి చీరాలలో ఏం తిన్నానో గుర్తులేదు. మర్నాడు మళ్లీ ఆ గ్రంథాలయానికే.

నాకో కోరిక ఉంది. నవల రాయాలని కాదు, అది పాతికేళ్లప్పుడు ఉండేది, తగ్గిపోయింది. మన వారపత్రికల్లో వచ్చి, పుస్తకంగా ఎన్నడూ రాని సీరియళ్లన్నిటికీ ఒక పట్టిక తయారు చెయ్యాలి. పేరు, రాసినవారు, పత్రిక, మొదలైన వారం, ముగిసిన వారం. వీటిలో చాలా భాగం ఆడవాళ్లు రాసినవీ, ఆడవాళ్లు చదివినవీ. కాలక్షేపం సాహిత్యమని విమర్శకులు పక్కన పెట్టారు. వాటి బాగోగులు తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఉన్నాయని రాసిపెట్టాలి కదా. నోటుపుస్తకం తెరిచి వేటపాలెంలోనే మొదటి పేజీ రాశాను. భారతి సంపుటాలు తెచ్చిచ్చిన పెద్దాయన తొంగిచూసి, "ఇది ఒక్కరితో అయ్యే పని కాదమ్మా," అన్నారు.

ఆయన మాట నిజం. అందుకే అడుగుతున్నాను. మీ ఇంటి అటక మీద అమ్మో అమ్మమ్మో కుట్టిన సీరియల్ బైండ్లు ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. అట్ట మీద పత్రిక పేరు, సంవత్సరం తెలిసినంతవరకు రాసి, దగ్గర్లో ఉన్న గ్రంథాలయానికి ఇవ్వండి. మధ్యలో వారాలు పోయినా పరవాలేదు, అవి ఇంకెవరి అటక మీదో ఉంటాయి.