తిరుగుదారి

ఫ్రిజ్‌కీ, గీజర్‌కీ ఎర్త్ సరిగ్గా లేకపోతే షాక్ కొడుతుందని మనందరికీ తెలుసు. కారులో కూడా ఎర్త్ ఉంటుంది. దాని పని మాత్రం వేరు. పదకొండేళ్ళ మా పాత కారు పుణ్యమా అని మొన్న వేసవిలో అదేమిటో తెలుసుకున్నాను.

మేం ఉండేది కాకినాడలో. మా వారి ఉద్యోగం వేరే ఊళ్ళో. మా అత్తయ్యగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్న ఆరున్నరకల్లా ఆస్పత్రిలో దింపాలి, మధ్యాహ్నం తీసుకురావాలి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి కళ్ళు తిరుగుతుంటాయి, ఆటో కుదుపులు తట్టుకోలేరు. సరిగ్గా అప్పుడే కారు మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే మూలిగి ఆగిపోయేది. రాత్రిళ్ళు హెడ్‌లైట్లు వెలవెలబోయేవి.

గ్యారేజీలో బ్యాటరీ మార్చారు. రెండు వారాలకే మళ్ళీ అదే వరస. ఈసారి సెల్ఫ్ మోటారు పోయిందన్నారు, పన్నెండు వేలవుతుందన్నారు. పైగా "సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి మేడమ్" అని ఉచిత సలహా. "ఆటోలోనే పోదాంలే అమ్మాయ్, కంగారుపడకు" అన్నారు అత్తయ్యగారు. ఆ మాటకి నాకు ఇంకా బెంగ పట్టుకుంది.

మా వీధి చివర కార్లకి కరెంటు పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఆయన్ని పిలిచాను. మీటరు తెచ్చి ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద ఆనించి "తాళం తిప్పండమ్మా" అన్నారు. మీటరులో 1.3 చూపించింది. "అర వోల్టు దాటకూడదు. బ్యాటరీ మంచిదే, సెల్ఫూ మంచిదే. కరెంటు తిరిగొచ్చే దారే పాడైంది" అని తేల్చేశారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తాను. బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్ళిన కరెంటు మళ్ళీ మైనస్‌కి చేరాలి. ప్రతి లైటుకీ, హారన్‌కీ అంతదూరం రెండో వైరు లాగకుండా కారు బాడీనే తిరుగుదారిగా వాడతారు. ఇంజను మాత్రం రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరులో కరెంటు పారదు కాబట్టి ఇంజనుకీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. బండి స్టార్ట్ అయ్యేటప్పుడు సెల్ఫ్ వంద ఆంపియర్లకి పైగా లాగుతుంది. అంత కరెంటుకి దారిలో ఓమ్‌లో వందో వంతు అడ్డున్నా చాలు, ఒక వోల్టు అక్కడే పోతుంది. ఉన్నవే పన్నెండు! మా పట్టీ సముద్రపు గాలికి చిలుమెక్కి సగం తీగలు తెగిపోయి ఉంది.

ఆయన ముందు మైనస్ విప్పారు. అది ఉండగా ప్లస్ దగ్గర పానా బాడీకి తగిలితే నిప్పులు చిమ్ముతుందట. పాతవాటి కంటే లావుపాటి రాగి కేబుళ్ళు రెండు వేశారు. ఒకటి బ్యాటరీ నుంచి బాడీకి, రెండోది ఇంజను నుంచి బాడీకి. బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ ఇనుము మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, తడి తగలకుండా పైన వాజిలీన్ పూశారు. ఎంత లావు కేబులైనా రంగు మీద బిగిస్తే దండగేనట. మైనస్ చివర్లో తగిలించి మళ్ళీ మీటరు పెడితే 0.2 లోపే! మొత్తం ఖర్చు పద్నాలుగు వందలు.

ఇప్పుడు నా దగ్గరా ఒక చిన్న మీటరుంది. నెలకోసారి అత్తయ్యగారు తాళం తిప్పుతారు, నేను అంకె చూస్తాను. ఆవిడకదో సరదా అయిపోయింది.

మీ కారు కూడా పొద్దున్నే మూలుగుతుంటే, కొత్త బ్యాటరీకి డబ్బు కట్టేముందు "ఎర్త్‌లో ఎంత పోతోందో మీటరు పెట్టి చూపించండి" అని అడగండి. మెకానిక్ ఒక్క క్షణం తలెత్తి మీవంక చూస్తాడు. చూడనివ్వండి.