మూడు ముంతల అంబలి

"ఈ అంబలికి రుచే లేదు బిడ్డా" అని మా అమ్మ ఒకనాడు ముంత పక్కకు పెట్టింది. కుంఠా నాకాలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నాకు జొన్నలంటే జొన్నలే. గిర్నీలో ఎవరి పిండిలో ఎవరిది కలిసిందో ఎన్నడూ అడగలేదు.

పై దేశాల్లో ఇంట్లోనే బీరు కాచుకునేవాళ్లు, దానికి చేదూ వాసనా ఇచ్చే హాప్ పువ్వుల గుణం తెలుసుకోవడానికి ఒక్కో కాపుకు ఒక్క రకమే వేస్తారు. చెక్ దేశపు సాజ్ ఒకసారి, అమెరికా కాస్కేడ్ మరోసారి. మిగతాదేదీ మార్చరు. మనకు బీరెందుకు, అంబలి ఉంది గదా అనుకున్నాను.

మూడు జొన్నలు విడివిడిగా పట్టించాను. మన జిల్లా మంగళవేఢా నల్లరేగడిలో పండిన యాసంగి మాల్‌దండి, వానకాలపు హైబ్రిడ్, కరీంనగర్ నుంచి చుట్టం తెచ్చిన పచ్చజొన్న. పిండి కొలత ఒకటే, నీళ్లు ఒకటే. ఒక రాత్రి పులియనిచ్చి, పొద్దున మరిగే ఎసట్లో పోసి కాచాను. ఉప్పు తప్ప మజ్జిగ, ఉల్లిగడ్డ వేయలేదు. అవి పడితే జొన్న దాక్కుంటుంది.

హైబ్రిడ్‌ది చప్పగా ఉంది. 1964లో సి.ఎస్.హెచ్.-1తో మన దేశంలో మొదలైన హైబ్రిడ్ జొన్నలు దిగుబడి కోసం పుట్టినవి. మాల్‌దండిలో సన్నటి తీపి. పచ్చజొన్నది అందుకుని అమ్మ రెండు గుటకలు తాగింది. నేను పేరు చెప్పకముందే "ఇది మా ఊరిది" అంది.

"నీకేది బాగుంది?" అని అడిగింది. చెప్పడానికి నోరు రాలేదు. మాల్‌దండి ముంత చూపించాను.

అమ్మ కాసేపు ఆ ముంతకేసి చూసింది.

"నీది ఈ మన్నే గదా బిడ్డా" అంది.