జాక్ చూసి కాదు, హెడ్‌ఫోన్ చూసి కొనాలి

హైదరాబాద్ స్టూడియోలకు హెడ్‌ఫోన్లు, యాంప్‌లు రిపేరు చేయడం, కొత్తవి అమర్చిపెట్టడం నా పని. పాటలు మిక్స్ చేసే ఇంజినీర్లు, డబ్బింగ్ ఆర్టిస్టులు, స్టేజీ మీద వాయించేవాళ్ళు, ఇంట్లో కూర్చుని సంగీతం వినేవాళ్ళు అందరూ నా బల్ల దగ్గరికి వస్తారు. ఈమధ్య వచ్చేవాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, మంచి బ్యాలెన్స్‌డ్ యాంప్ ఏదైనా చెప్పు." నేను తిరిగి అడిగేదీ ఒకటే: "ఏ హెడ్‌ఫోన్‌కి?" దీనికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

ముందు బ్యాలెన్స్‌డ్ అంటే ఏమిటో చెప్పుకుందాం. మామూలు జాక్‌లో ఎడమ చెవికో తీగ, కుడి చెవికో తీగ, రెంటికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్ ఉంటాయి. బ్యాలెన్స్‌డ్‌లో ఒక్కో చెవికి విడిగా రెండేసి తీగలు, వాటి వెనక రెండేసి యాంప్‌లు. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంది. దాంతో హెడ్‌ఫోన్‌కు అందే వోల్టేజి రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం పవర్ నాలుగింతలు, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. సర్క్యూట్ అంత కరెంటు ఇవ్వలేకపోతే ఆ నాలుగింతలు కాగితం మీదే మిగిలిపోతాయి. గ్రౌండ్ వేరు కావడం వల్ల ఒక చెవి శబ్దం రెండో చెవిలోకి కారడం తగ్గుతుంది. ఇవి లాభాలు. ఖర్చు వైపు చూస్తే, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెట్టింపవుతుంది, రెండు యాంప్‌ల సొంత రొద కూడా కలుస్తుంది.

స్టూడియోవాళ్ళు తరచుగా పొరబడేది ఇక్కడే. మైకు కేబుల్ బ్యాలెన్స్‌డ్ అయితే హమ్ పోతుంది కాబట్టి హెడ్‌ఫోన్‌కీ అంతే అనుకుంటారు. మైకు నుంచి వచ్చేది చాలా సన్నని సిగ్నల్. అది పొడవాటి కేబుల్‌లో నడుస్తుంది, దారిలో ఏ కరెంటు తీగ పక్కనుంచి వెళ్ళినా హమ్ పట్టుకుంటుంది, అందుకే ఆ ఏర్పాటు. హెడ్‌ఫోన్ తీగ పొట్టిది, అందులో నడిచే సిగ్నల్ బలమైనది. హమ్ పోగొట్టడానికి దానికి బ్యాలెన్స్‌డ్ అక్కర్లేదు. కాబట్టి హెడ్‌ఫోన్ యాంప్‌లో బ్యాలెన్స్‌డ్ ఇచ్చే అసలు లాభం పవరే. ఆ పవర్ మన హెడ్‌ఫోన్‌కి కావాలా వద్దా అన్నదే చూసుకోవాలి.

దానికి చిన్న లెక్క చాలు. పాటలో హఠాత్తుగా లేచే శబ్దానికి 110 డెసిబెల్స్ దాకా చోటు ఉంచుదాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 ఇంపెడెన్స్ 300 ఓంలు, 1 వోల్టుకి 103 డెసిబెల్స్ ఇస్తుంది. 110 కావాలంటే సుమారు 2.25 వోల్టులు, 7.5 మిల్లీ ఆంపియర్లు చాలు. దీనికి వోల్టేజి కావాలి గానీ కరెంటు పెద్దగా అక్కర్లేదు. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 దీనికి పూర్తిగా వేరు. 50 ఓంల ప్లానార్ రకం హెడ్‌ఫోన్ అది. 1 మిల్లీవాట్‌కి ఇచ్చేది 83.5 డెసిబెల్సే. అదే 110 కావాలంటే దాదాపు 450 మిల్లీవాట్లు, 4.7 వోల్టులు, 95 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఇక చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్, 16 ఓంలు, మిల్లీవాట్‌కి 110 డెసిబెల్స్ ఇచ్చేది అనుకుంటే, 0.13 వోల్టు చాలు. ఈ మూడింటికీ ఒకే యాంప్ చాలని ఎవరైనా అంటే, దాని గెయిన్ స్విచ్, దాని రొద ఎలా ఉన్నాయో చూడకుండా నేను నమ్మను.

మొన్నామధ్య ఒక కీబోర్డు ప్లేయర్ వచ్చాడు. ఇయర్‌ఫోన్‌కి 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ ప్లగ్ ఉన్న కేబుల్ వేయించాడు, పెద్ద బ్యాలెన్స్‌డ్ యాంప్ కొన్నాడు. "పాట ఆగినప్పుడల్లా సుయ్‌మంటోంది అన్నా, కేబుల్ చూడవా" అన్నాడు. వాల్యూమ్ పూర్తిగా సున్నాకి తిప్పి విన్నాను. రొద తగ్గలేదు. అంటే అది పాటతో వచ్చింది కాదు, వాల్యూమ్ నాబ్ దాటాక యాంప్‌లో పుట్టింది. కేబుల్ తప్పేమీ లేదు. అదే యాంప్‌కున్న మామూలు జాక్‌లో పెట్టి చూస్తే రొద బాగా తగ్గింది. పైగా బ్యాలెన్స్‌డ్‌లో అతను వాల్యూమ్ నాబ్‌ను మొదట్లోనే ఆపేయాల్సి వస్తోంది. ఆ చోట మామూలు వాల్యూమ్ నాబ్‌లలో ఎడమ కుడి సమానంగా ఉండవు, పాట ఒక పక్కకు జరుగుతుంది. తక్కువ గెయిన్, తక్కువ రొద ఉన్న చిన్న యాంప్ చూపించాను. అది అతను కొన్నదానికంటే చవక.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా చూడాలి. హెడ్‌ఫోన్ ఓంలలో ఎనిమిదో వంతుకు మించకూడదని మాలో ఒక లెక్క. 16 ఓంల ఇయర్‌ఫోన్‌కి 2 ఓంలు దాటకూడదన్నమాట. ఒకే ఇయర్‌ఫోన్‌లో మూడు నాలుగు డ్రైవర్లున్నప్పుడు ఇంపెడెన్స్ స్థాయి స్థాయికీ మారిపోతుంది. యాంప్ ఓంలు ఎక్కువైతే స్వరాల తూకమే మారుతుంది. హెచ్‌డీ 650కి 300 అని రాసి ఉన్నా బాస్ దగ్గర 500 దరిదాపుల దాకా లేస్తుంది. యాంప్ ఓంలు పెరిగితే ఆ బాస్ ఉబ్బుతుంది. ప్లానార్‌లకు ఈ బెడద లేదు, వాటి ఇంపెడెన్స్ దాదాపు గీత గీసినట్టు ఉంటుంది.

అన్ని హెడ్‌ఫోన్లనూ బ్యాలెన్స్‌డ్‌గా మార్చలేం. హెచ్‌డీ 650లో రెండు చెవులకూ తీగలు విడిగా వెళ్తాయి కాబట్టి కేబుల్ చివర ప్లగ్ మారిస్తే సరిపోతుంది. ఏకేజీ కె702కి కింద మూడు పిన్నుల సాకెట్టే, గ్రౌండ్ ఉమ్మడి. లోపల తీగలు మార్చకుండా కుదరదు. బ్యాలెన్స్‌డ్‌కి వాడే నాలుగు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్‌లో 1, 2 ఎడమ ప్లస్, మైనస్. 3, 4 కుడి ప్లస్, మైనస్. ఎనామిల్ పూత ఉన్న సన్నని పోగులైతే ముందు ఆ పూత కాల్చి, తగరం పట్టిందో లేదో చూశాకే పిన్నుకు అతుకుతాను. తర్వాత మల్టీమీటర్ పెట్టి రెండు మైనస్‌ల మధ్య కంటిన్యుటీ లేదని నిర్ధారించుకుంటాను. అవి కలిస్తే రెండు యాంప్‌లు ఒకదానికొకటి షార్టవుతాయి. మామూలు హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో బ్యాలెన్స్‌డ్ సాకెట్‌లో పెడితే జరిగేదీ ఇదే. అలా కాలిన యాంప్‌లు నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో మామూలు సాకెట్‌లో పెడితే మాత్రం ప్రమాదమేమీ లేదు.

"బ్యాలెన్స్‌డ్‌లో ఎంత స్పష్టంగా ఉంది!" అనేవాళ్ళకు నేను చేయించే పరీక్ష ఒకటుంది. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే మల్టీమీటర్ ఏసీ రేంజిలో రెండు అవుట్‌పుట్‌లూ కొలుస్తాను. ఒకటి 0.500 వోల్టు చూపిస్తే రెండోదాన్ని 0.495కీ 0.505కీ మధ్యకు తెస్తాను. ఆ తర్వాత ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాను. హెచ్‌డీ 650తో చాలామందికి అంతకుముందు వినిపించిన తేడా మాయమవుతుంది. వాళ్ళు విన్నది ఆ 6 డెసిబెల్సే, ఎక్కువ శబ్దం ఎప్పుడూ మేలుగానే తోస్తుంది. హెచ్‌ఈ-6కి బలం సరిపోని మామూలు అవుట్‌పుట్ పెడితే మాత్రం, డ్రమ్ము దెబ్బ దగ్గర చితికిపోవడం ఎవరికైనా వినిపిస్తుంది. బ్యాలెన్స్‌డ్ అవసరం అక్కడుంది.

పవర్ గురించి ఇంత మాట్లాడాక చెవుల గురించి చెప్పకపోతే నా పనికి అర్థం లేదు. 110 అన్నది క్షణంపాటు లేచే శబ్దానికి ఉంచిన చోటు, వినే స్థాయి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 90 దగ్గర 4 గంటలే. రోజంతా హెడ్‌ఫోన్ పెట్టుకుని బతికే మనవాళ్ళకు ఈ అంకెలు తెలియాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్ళకు చెప్పే వరస ఇది. డబ్బులో పెద్ద వాటా హెడ్‌ఫోన్‌కి పెట్టండి. దాని ఓంలు, సెన్సిటివిటీ రాసుకుని వోల్టులు, ఆంపియర్లు లెక్క కట్టండి. ఆ లెక్కకు మామూలు అవుట్‌పుట్ సరిపోతే అక్కడే ఆగండి. సరిపోకపోతే, తక్కువ ఓంల దగ్గర కూడా పవర్ ఇచ్చే బ్యాలెన్స్‌డ్ యాంప్ నిశ్చింతగా కొనండి. మీ హెడ్‌ఫోన్‌కి అది నిజంగా కావాలి గనక, పెట్టిన ప్రతి రూపాయీ వినిపిస్తుంది.