మణికట్టు నొక్కితే మనసు కుదుటపడుతుందా?

"మణికట్టుమీద ఒకచోట నొక్కుకుంటే ఆందోళన తగ్గుతుందటగా, నిజమేనా డాక్టరుగారూ?" అని ఈమధ్య మీలో చాలామంది అడుగుతున్నారు. కొన్నేళ్ళ క్రితమైతే "అదంతా ఉత్తదేనమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ణి. నలభై ఏళ్ళు స్టెతస్కోపు మెడలో వేసుకు తిరిగినవాణ్ణి, ఆమాత్రం అహంకారం ఉండదూ మరి! ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. ఎందుకో తెలియాలంటే నా సొంతగోడు కొంచెం వినాలి.

మా ఆవిడ 2018లో పోయింది. ఆ తర్వాత మూడో నెలనుంచి నాకు తెల్లవారుజామున మూడింటికి ఠంచనుగా మెలకువ రావటం మొదలైంది. గుండె దడదడలాడేది. నోరు ఎండిపోయేది. ఎందుకో తెలియని భయం. డాక్టర్ని కాబట్టి ముందు చేయించుకోవలసిన పరీక్షలన్నీ చేయించుకున్నాను. ఇ.సి.జి. బాగుంది, ఎకో బాగుంది, థైరాయిడ్, షుగరు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. "ఏం లేదు సార్, నిద్ర సరిపోవటం లేదంతే" అని, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్ర డాక్టరు నాకే నిద్రమాత్ర రాసిచ్చాడు. వేసుకుంటే నాలుగింటికి మెలకువ వచ్చేది. అంతే తేడా.

విశాఖపట్నంలో నా క్లాసుమేటు ఒకడున్నాడు. ఎం.బి.బి.ఎస్. అయ్యాక కలకత్తా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చాడు. "సూదులవాడు" అని మేమంతా వాణ్ణి ఏడిపించేవాళ్ళం. ఆ ఏడాది ఏదో పెళ్ళికి వెళ్ళి వాడింట్లో దిగాను. రాత్రి మూడింటికి నేను హాల్లో పచార్లు చేస్తుంటే లేచి వచ్చాడు.

"రోజూ ఈ వేళకేనా?"

"రోజూ."

"ఏరా, ఆవిడ పోయాక నువ్వు ఏడ్చావా?"

"ఏడవటానికి తీరికెక్కడిదిరా!" అన్నాను. నిజమే. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, పిల్లల ప్రయాణాలు, పదోరోజు, పన్నెండోరోజు, ఆ తర్వాత బ్యాంకు కాగితాలు. నా కన్ను చెమర్చలేదని చుట్టాలు "ఎంత నిబ్బరం!" అని మెచ్చుకున్నారు కూడాను.

వాడు నన్ను కూర్చోబెట్టి ఎడమ చెయ్యి అందుకుని, మణికట్టుకు కొంచెం పైన బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. నెమ్మదిగా ఊపిరి వదలమన్నాడు, అంతే. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, ఎక్కడినుంచి వచ్చిందో ఏడుపు వచ్చింది. డెబ్బయ్యేళ్ళవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వాడు చెయ్యి వదల్లేదు.

పొద్దున కాఫీ తాగుతూ తన శాస్త్రం చెప్పాడు. చైనావాళ్ళు రోజును రెండేసి గంటల చొప్పున పన్నెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని శరీరంలో ఒక్కొక్క అవయవానికి కేటాయించారట. మూడునుంచి అయిదుదాకా ఊపిరితిత్తుల వేళ. వాళ్ళ లెక్కలో దుఃఖం ఉండే చోటు ఊపిరితిత్తులే. అలాగే కోపం కాలేయానిది, భయం మూత్రపిండాలది, అతిగా ఆలోచించటం ప్లీహానిది, సంతోషం గుండెది. శరీరంలో దారులు కట్టుకుని తిరిగే ప్రాణశక్తిని వాళ్ళు "ఛీ" అంటారు. మనం విసుక్కునే ఛీ కాదు సుమా! కోపం వస్తే అది పైకి ఎగదన్నుతుందనీ, భయపడితే కిందికి జారుతుందనీ, ఒకే ఆలోచన పట్టుకు వేలాడితే ముడిపడిపోతుందనీ సుమారు రెండువేల ఏళ్ళనాటి వాళ్ళ వైద్యగ్రంథం "హువాంగ్డీ నైజింగ్" చెబుతుంది. వింటే నవ్వొచ్చింది గాని, కోపం నెత్తికెక్కింది అనీ, గుండె జారిపోయింది అనీ మనం అనుకోవటం లేదూ? నిట్టూర్చేది ఊపిరితిత్తులతోనే కదా!

ఈ విద్య కలకత్తాకు ఎలా వచ్చిందంటారా? 1938లో డాక్టర్ కోట్నీస్‌తోపాటు మనదేశం నుంచి చైనాకు వెళ్ళిన అయిదుగురు వైద్యుల్లో డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. 1950ల చివర మళ్ళీ వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. అమెరికావాళ్ళకు దాని గురించి బాగా తెలిసింది 1971లో, జేమ్స్ రెస్టన్ అనే పత్రికా రచయితకు పెకింగులో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగాక. సూదులతోనే మత్తిచ్చి కోశారని కథగా చెబుతారు. అది తప్పు. ఆపరేషన్ మామూలు మందులతోనే చేశారు. తర్వాత వచ్చిన కడుపు బాధకు సూదులు గుచ్చారు. ఇలాంటి వైద్యాలకు శత్రువులకన్నా అతిగా పొగిడే మిత్రులే ఎక్కువ చేటు చేస్తారు.

సరే, ఎక్కడ నొక్కాలో చెబుతాను. అరచెయ్యి పైకి పెట్టండి. మణికట్టు ముడతమీద రెండో చేతి చూపుడు, నడిమి, ఉంగరం వేళ్ళు మూడూ పక్కపక్కన అడ్డంగా ఆనించండి. మూడో వేలు ఎక్కడ ముగిసిందో అక్కడ, రెండు నరాల్లా తాళ్ళు తగులుతాయే, వాటి మధ్య. దాని పేరు నైగ్వాన్, అంటే లోపలి ద్వారం. ఎవరి వేళ్ళు వారికే కొలత, మన మూర లెక్కలాగే. ఇంకొకటి షెన్‌మెన్. మణికట్టు ముడతమీదే, చిటికెనవేలి వైపు చిన్న గుండ్రటి ఎముక పక్కనున్న గుంట. మూడోది రెండు కనుబొమల మధ్య, మనవాళ్ళు బొట్టు పెట్టుకునే చోటు. తీపునొప్పిలా అనిపించేంతవరకే నొక్కండి, ఒక్కోచోట ఒకటి రెండు నిమిషాలు. ఊపిరి తీసుకున్నదానికన్నా నెమ్మదిగా వదలండి. గోరు గుచ్చుకోకూడదు. గాయం, వాపు ఉన్నచోట వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మెత్తగా తాకితే చాలు. గర్భిణులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండనూ, చీలమండ పైన లోపలివైపు చోటునూ నొక్కవద్దని ఈ వైద్యులే చెబుతారు. వినటం మంచిది.

ఇంతకీ పనిచేస్తుందా? నైగ్వాన్ ఆపరేషన్ తర్వాతి వాంతులను తగ్గిస్తుందని 1986లో బెల్‌ఫాస్టు వైద్యులు ప్రకటించారు. ఆ తర్వాత జరిగిన చాలా పరీక్షలు ఔననే అన్నాయి. ఆందోళన విషయంలో మాత్రం సాక్ష్యం పలచన. చిన్న చిన్న పరీక్షల్లో ఉపశమనం కనిపించింది గాని, బిందువు కాని చోట నొక్కినా చాలామందికి కొంత నెమ్మదించింది! ఛీ నడిచే దారులు శవపరీక్షలో ఎవరికీ దొరకలేదు. ఆ రాత్రి నాకు పనిచేసింది నొక్కిన చోటా, పట్టుకున్న చెయ్యా, అడిగిన ప్రశ్నా? నేను చెప్పలేను. వాణ్ణే అడిగితే, "మూడూ కలిపి ఒక డోసు" అన్నాడు.

ఇక మిమ్మల్ని హెచ్చరించాల్సిన మాట. మా వీధిలో ఒక పంతులమ్మగారు, నలభైయ్యేళ్ళావిడ, గుండెదడ అంటూ వచ్చారు. చేతిలో ఎగ్జిబిషన్‌లో కొన్న ముళ్ళ రోలరు. "మూడు నెలలుగా నొక్కుకుంటూనే ఉన్నానండీ, మనసు కుదుటపడటం లేదు" అన్నారు. మనిషి సగమయ్యారు, చేతులు వణుకుతున్నాయి. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ విపరీతంగా పెరిగి ఉంది. మందులు మొదలుపెట్టాక కొన్ని వారాలకు తేరుకున్నారు. ఆవిడ దడకు మనసు కారణం కానేకాదు. అందుకే ముందు పరీక్షలు, తర్వాతే బొటనవేలు. ఛాతీలో బరువు, ఎడమచేతికి పాకే నొప్పి, చెమటలు ఉంటే అసలు నొక్కుకుంటూ కూర్చోవద్దు, ఆస్పత్రికి పరుగెత్తండి. చైనా మూలికల పొడులు చూసుకోకుండా మింగవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మాత్రల్లో కలిసిన ఒక మూలిక ఎందరో ఆడవాళ్ళ మూత్రపిండాలను పాడుచేసింది. వారాలతరబడి దేనిమీదా ఆశ లేకపోయినా, చచ్చిపోదామనే ఆలోచన వచ్చినా మానసిక వైద్యుణ్ణి చూడాలి. ఆ మందులు వాడుతున్నవాళ్ళు రోలరును నమ్ముకుని మానెయ్యకూడదు. 14416కి ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్‌వాళ్ళు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

నా సంగతంటారా? మూడింటి మెలకువ పూర్తిగా పోలేదు. వారానికి ఒకటి రెండుసార్లు వస్తుంది. లేచి హాల్లో ఆవిడ వాలుకుర్చీలో కూర్చుని మణికట్టుమీద బొటనవేలు పెట్టుకుంటాను. కొన్నిసార్లు నిద్ర వస్తుంది, కొన్నిసార్లు ఏడుపు వస్తుంది. ఏది వస్తే అది రానిస్తాను. పొద్దున్నే విశాఖపట్నంనుంచి ఫోను: "ఏరా, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?"