ఆ జవాబు అమ్మ చెప్పింది

మొన్న భారీ వర్షాలకు రెండు రోజులు సెలవిచ్చినప్పుడు, రెండో తరగతి పిల్లలకు వాట్సాప్ గ్రూపులో వర్క్‌షీట్లు పెట్టాను. సాయంత్రానికల్లా ఫొటోలు వచ్చేశాయి. కొన్నింట్లో ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రోజూ నోట్సు దిద్దేదాన్ని, మా పిల్లల చేతిరాత నాకు తెలియదా! ముందు నవ్వొచ్చింది. తర్వాత 2021 సెప్టెంబర్ గుర్తొచ్చింది.

నేను బీఈడీ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలోనే, 2020 మార్చిలో, కరోనాతో బడులు మూతపడ్డాయి. పై తరగతుల వాళ్లు 2021 ఫిబ్రవరిలో కొన్నాళ్లు వచ్చి వెళ్లారు. ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలు మాత్రం 2021 సెప్టెంబర్ 1 దాకా బడి మొహం చూడలేదు. యూకేజీ చివర్లో ఇంటికెళ్లిన పిల్లలు రెండో తరగతిలో తిరిగొచ్చారు. అంటే మా ఒకటో తరగతి మొత్తం ఫోన్‌లోనే జరిగింది.

మన ప్రాంతంలో ఆ ఫోన్ కూడా నాన్నగారిదే. నాన్న ఏ షిఫ్ట్ అయితే పొద్దున ఆరింటికల్లా ఫోన్ పాశమైలారం వెళ్లిపోయేది. బీ షిఫ్ట్ వారంలో బాబు క్లాసులో కనిపించేవాడు, తర్వాతి వారం మాయం. అటెండెన్స్ చూసి ఎవరింట్లో ఏ షిఫ్టో చెప్పగలిగేదాన్ని. 2020 జూలైలో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దన్నాయి. చిన్నపిల్లలకు అది సరైనదే. కానీ మిగిలిన చదువంతా ఇంట్లో పక్కన కూర్చున్న వాళ్ల మీదే పడింది.

ఇస్నాపూర్ నుంచి ఒక బాబు ఉండేవాడు. ఏది అడిగినా రెండు క్షణాలు ఆగి సరైన జవాబు చెప్పేవాడు. స్క్రీన్ అంచున గాజుల చేయి ఒకటి కనిపించేది. ఒక్కోసారి గుసగుస కూడా వినిపించేది. నాకు తెలుసు. తెలిసి కూడా "వెరీ గుడ్" అని నక్షత్రాలు పంపాను. ముప్పై గడుల్లో ముప్పై ముఖాలు, నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు, వెంటనే జవాబొస్తే చాలనిపించేది.

బడి తెరిచాక వాళ్లతో పాటు నన్నూ రెండో తరగతికి పంపారు. మొదటి వారం ఆ బాబును లేపి, బోర్డు మీద మూడక్షరాల మాట ఒకటి చదవమన్నాను. వాడు బోర్డు వైపు చూడలేదు. తల తిప్పి ఎడమ పక్కకు చూశాడు. అక్కడ గోడ తప్ప ఎవరూ లేరు. అక్షరాలన్నీ వచ్చు, కలిపి చదవడం రాదు. ఏడాది పాటు వాడి పేరు మీద నేను దిద్దింది వాళ్లమ్మ నోట్సు.

ఆ సాయంత్రం గేటు దగ్గర ఆవిడతో మాట్లాడాను. "నాకు ఇంగ్లిష్ అంత రాదు మేడం. జవాబు చెప్పకుంటే పిల్లగాడు అందరి ముందల చిన్నబోతడు గదా. అందుకే గైడ్ల చూసి చెప్పిన" అంది. కోప్పడడానికి నాకు మొహం లేదు. ఆలస్యంగా చెప్పే పిల్లల్ని దాటేసి పక్కవాళ్లను అడిగింది నేనే కదా.

ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. హోంవర్క్‌లో బాబు ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టాలి. తర్వాత "నీకేమనిపిస్తుంది?" అని తెలుగులోనే అడగాలి. అప్పటికీ రాకపోతే చెప్పొచ్చు, కానీ చెప్పిన జవాబు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టాలి. ఇంగ్లిష్ రాకపోయినా చుక్క పెట్టొచ్చు. మొదటి రోజు పేజీ నిండా చుక్కలే. నాకు మాత్రం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తొలిసారి తెలిసింది. రోజూ లంచ్ తర్వాత పది నిమిషాలు ఆ చుక్కలున్న మాటలే చదివించాను.

2022 జనవరిలో సంక్రాంతి సెలవులు పొడిగించి నెలాఖరు దాకా బడులు మళ్లీ మూశారు. మళ్లీ ఫోన్ క్లాసులే. ఒక రోజు ఆ బాబును 'షిప్' అన్న మాట చదవమన్నాను. చాలాసేపు ఆగాడు. స్క్రీన్ అంచున గాజుల చేయి లేదు. ఎక్కడో కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. చివరికి "చిప్" అన్నాడు. తప్పే. కానీ మూడు శబ్దాలూ వాడే కలుపుకున్నాడు. ఆ రోజు నేను పంపిన నక్షత్రం నిజంగా వాడిదే.

మొన్నటి వర్క్‌షీట్లు పిల్లలకు తిరిగి ఇచ్చేస్తున్నాను. నాలుగు ప్రశ్నలే. కొట్టివేతలున్నా సరే, ఖాళీలున్నా సరే, వాళ్లు రాసినట్టే పంపండి. మీరు చెప్పినవి ఉంటే పక్కన చుక్క పెట్టండి. దానికి మార్కులు తగ్గించను.